మరబోటు పవర్ సప్లైకి టైప్ 2 మేలా, టైప్ 3 మేలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని ఒక మరబోటుకు, 24 వోల్టుల బ్యాటరీ నుంచి వైర్‌లెస్ సెట్టుకూ చేపల జాడ చూపే సోనార్‌కూ 12 వోల్టులు, 3 ఆంపియర్లు అందించే బక్ కన్వర్టర్ (వోల్టేజీని తగ్గించే స్విచింగ్ సర్క్యూట్) చేస్తున్నప్పుడు, దాని ఫీడ్‌బ్యాక్ లూపును (అవుట్‌పుట్‌ను చూసి స్విచింగ్‌ను సర్దే వలయాన్ని) ఏ పద్ధతిలో సరిదిద్దాలన్న ప్రశ్న నా ముందుకు వచ్చింది. టైప్ 2, టైప్ 3 అనేవి ఆ లూపు ఊగిసలాడకుండా నిలిపే రెండు రకాల కాంపెన్సేషన్ సర్క్యూట్లు: మొదటిదానిలో ఒక జీరో, రెండోదానిలో రెండు జీరోలు ఉంటాయి. జీరో అంటే సంకేతం ఫేజ్‌ను ముందుకు తెచ్చేది, పోల్ అంటే వెనక్కి లాగేది.

అవుట్‌పుట్ వోల్టేజీని మాత్రమే చూసి నియంత్రించే వోల్టేజ్ మోడ్‌ను సిరామిక్ కెపాసిటర్లతో ఎంచుకుంటే టైప్ 3 తప్పదు. స్విచింగ్ 300 కిలోహెర్ట్జ్, ఇండక్టర్ 22 మైక్రోహెన్రీలు, సిరామిక్ కెపాసిటర్లు 44 మైక్రోఫారడ్లు (12 వోల్టుల బయాస్ కింద నిజంగా మిగిలేది ఇంతే అనుకుందాం, పైన ముద్రించిన విలువను నమ్మకూడదు) అయితే, ఇండక్టర్, కెపాసిటర్లు కలిసి ఊగే రెజొనెన్స్ సుమారు 5.1 కిలోహెర్ట్జ్ వద్ద వస్తుంది. అది దాటగానే ఫేజ్ 180 డిగ్రీల దాకా వెనకబడుతుంది. ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) 3 మిల్లీఓమ్‌లే కనుక దాని జీరో 1.2 మెగాహెర్ట్జ్ వద్ద ఉండి, 30 కిలోహెర్ట్జ్ క్రాసోవర్‌కు (లూపు గెయిన్ ఒకటికి పడే ఫ్రీక్వెన్సీకి) ఏమాత్రం సాయపడదు. అందుకే రెండు జీరోలను రెజొనెన్స్ దగ్గర మనమే పెట్టాలి.

470 మైక్రోఫారడ్లు, 60 మిల్లీఓమ్‌ల ఎలక్ట్రోలిటిక్ వాడి, 5.6 కిలోహెర్ట్జ్ వద్ద వచ్చే దాని జీరో మీద ఆధారపడి టైప్ 2తో సరిపెట్టేవారూ ఉన్నారు. ఇంజిన్ గది వేడికి లోపలి ద్రవం ఎండి ఈఎస్ఆర్ రెట్టింపైతే ఆ జీరో కిందికి జారి, క్రాసోవర్ పైకి పోతుంది. సముద్రం మీద పనిచేసే పరికరానికి ఇది నాకు సమ్మతం కాదు.

కరెంట్ మోడ్‌లో ఇండక్టర్ కరెంటే అదుపులో ఉంటుంది కనుక రెజొనెన్స్ బెడద పోయి, పూర్తి లోడు వద్ద సుమారు 900 హెర్ట్జ్ దగ్గర ఒక్క పోల్ మిగులుతుంది. దానికి టైప్ 2 చాలు. అయితే 24 నుంచి 12 అంటే డ్యూటీ (ప్రతి సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వాటా) సరిగ్గా 50 శాతం. ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణంలో బ్యాటరీ 18 వోల్టులకు పడితే అది 67 శాతానికి చేరుతుంది. స్లోప్ కాంపెన్సేషన్ (కరెంటు సంకేతానికి అదనంగా కలిపే వాలు) లేకపోతే అప్పుడు ఆసిలోస్కోప్ తెర మీద ఒక పల్స్ వెడల్పుగా, తర్వాతది సన్నగా కనిపిస్తాయి. ఇండక్టర్ కరెంటు దిగే వాలు మైక్రోసెకనుకు 0.55 ఆంపియర్లు, అందులో సగం కలిపితే ఏ డ్యూటీ వద్దనైనా ఈ దోషం ఉండదు. మరీ ఎక్కువ కలిపితే మాత్రం కన్వర్టర్ మళ్లీ వోల్టేజ్ మోడ్ స్వభావానికి మళ్లుతుంది.

లోడు బాగా తక్కువై, కరెంటు సంకేతం నాయిస్‌లో కలిసిపోయేచోట నేనూ టైప్ 3 వైపే మొగ్గుతాను. ఈ బోటుకు మాత్రం కరెంట్ మోడ్, టైప్ 2 మేలు. 18, 24, 28.8 వోల్టుల వద్ద లూపును కొలిచినప్పుడు ఎక్కడైనా ఫేజ్ మార్జిన్ (లూపు ఊగిసలాటకు ఇంకా మిగిలిన ఫేజ్ దూరం) 50 డిగ్రీల కంటే తగ్గితే, కాంపెన్సేషన్ రెసిస్టరును తగ్గించి, జీరో కదలకుండా దాని వరుసలోని కెపాసిటరును ఆ మేరకు పెంచి, క్రాసోవర్‌ను 20 కిలోహెర్ట్జ్‌కు దించుతాను.