గండికోటలో అర్ధరాత్రి దిగితే: గేటు కోడ్ మేలా, టార్చి పట్టుకుని ఎదురొచ్చే మనిషి మేలా?

మా చిన్నాన్న కొడుకు పెన్న లోయ అంచునున్న గండికోటలో పది టెంట్లు నడుపుతున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, గేటుకు కోడ్ తాళం పెట్టిద్దామనుకుంటాండా. వచ్చేటోళ్లు ఫోన్లోనే ఫారం నింపి, గేటు కాడ కోడ్ కొట్టి, వాళ్ల టెంటుకు వాళ్లే పోతారు. నాకూ రాత్రిపూట ఇంత నిద్ర ఉంటాది. ఏమంటావు?" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఏటా చలికాలంలో ఎక్కడో ఒకచోట టెంట్లో పడుకునే అలవాటు నాది. మనుషులు లేని చోటా దిగాను, మనిషి ఎదురొచ్చిన చోటా దిగాను. రెండింటిలోనూ తిప్పలు పడ్డాను, రెండింటిలోనూ హాయిగా నిద్రపోయాను. వాడికి చెప్పాల్సిందే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి చోటు నడిపేవాళ్లకూ, పిల్లాపాపలతో పోదామనుకునేవాళ్లకూ పనికొస్తుంది.

ముందు వాడి కష్టం చెప్పాలి. గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే, బెంగళూరు ట్రాఫిక్ దాటేసరికే తొమ్మిదవుతుంది. అక్కడి నుంచి కదిరి, పులివెందుల, ముద్దనూరు దాటి జమ్మలమడుగు చేరేసరికి ఒంటిగంట. ఆ తర్వాత కొండ మీదికి ఇంకో పదిహేను కిలోమీటర్లు. ఒక కారు పదకొండుకు, ఇంకోటి ఒంటిగంటన్నరకు వస్తుంది. దారి తప్పి ఫోన్ చేసేవాళ్లు వేరే. మళ్లీ ఐదు గంటలకల్లా అందరికీ టీ కావాలి, సూర్యోదయం చూడాలి కదా. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి శుక్ర, శనివారాలూ ఇదే వరస. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డ మనిషి ఎంత మంచివాడైనా, వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరించలేడు. వాడు తాళం గురించి ఆలోచించడంలో తప్పేమీ లేదు.

మనిషి లేకుండా అతిథిని దించుకోవడం కంప్యూటర్లతో మొదలైన పని కూడా కాదు. అమెరికా అడవుల్లోని ప్రభుత్వ క్యాంపుల్లో గేటు దగ్గర ఒక లావుపాటి ఇనప గొట్టం పాతి ఉంటుంది. పక్కన పెట్టెలో కవర్లు ఉంటాయి. వచ్చినవాళ్లు కవరు మీద పేరు, బండి నంబరు, ఎన్ని రాత్రులు ఉంటారో రాసి, డబ్బు లోపల పెట్టి, గొట్టానికి ఉన్న చీలికలోంచి జారవిడుస్తారు. చించుకున్న ముక్కను తమ చోటు దగ్గరున్న గుంజకు తగిలిస్తారు. ఆ గొట్టాన్ని వాళ్లు ఐరన్ రేంజర్ అంటారు. రేంజరు లేని చోట ఇనప గొట్టాన్నే రేంజరు అనుకున్నారన్నమాట. ఇప్పుడు ఫ్రాన్స్‌లో మోటార్‌హోమ్‌లు, అంటే పడక, పొయ్యి లోపలే ఉండే కారవాన్ లాంటి బండ్లు, ఆగే చాలా చోట్ల గేటూ, డబ్బు కట్టే యంత్రమే ఉంటాయి, మనిషి కనిపించడు. బండిలో వచ్చినవాళ్లు కార్డు చూపిస్తే గేటు లేస్తుంది.

అక్కడ సరిపోయింది ఇక్కడ ఎందుకు సరిపోదు అని అడగొచ్చు. నాకు తోచిన కారణం ఒకటే. కారవాన్‌లో వచ్చేవాడు తన ఇంటిని తానే వెంట తెచ్చుకుంటాడు. పడక తనది, పొయ్యి తనది, తలుపు తనది, లైటు తనది. బండి ఎలా నిలపాలో, కరెంటు ఎలా తగిలించాలో వాడికి ముందే తెలుసు. వాడికి కావాల్సింది కాసింత చదునైన నేల, నీళ్లు, కరెంటు. దానికి యంత్రం చాలు. మన దగ్గర టెంటుకు వచ్చేవాళ్లు అలాంటివాళ్లు కారు. వాళ్లలో ఎక్కువమంది జీవితంలో మొదటిసారి గుడ్డ గోడల మధ్య పడుకోబోతున్నవాళ్లు. జిప్పు ఎటు లాగాలో తెలియదు, గాలికి టెంటు ఊగితే పడిపోతుందేమోనని భయం, బాత్రూమ్ ఎక్కడో తెలియదు. లోయ ఎటువైపుందో చీకట్లో అసలే తెలియదు.

కేరళ 2021లోనే కారవాన్ టూరిజానికి ఒక విధానం తెచ్చింది. మన వైపు కూడా రేపు కారవాన్‌లు ఎక్కువైతే, రోడ్డు పక్క బండ్లు నిలిపే పెద్ద పార్కులకు కోడ్ గేటే మంచిదని నేనూ అంటాను. కానీ బ్రిటన్‌లో 1907లో పుట్టిన కారవాన్ క్లబ్‌కు కూడా పెద్ద సైట్లతోపాటు చిన్న చోట్లు ఉన్నాయి. రైతులు తమ పొలంలో ఐదు బండ్లకు మించకుండా ఆపుకోనిచ్చే చోట్లు అవి. మా తమ్ముడి పది టెంట్లు ఆ రైతు పొలం లాంటివి.

ఇక నా అనుభవాలు. రెండేళ్ల కింద మా అమ్మనూ, నా ఫ్రెండునూ తీసుకుని ఒక టెంట్ల చోటుకు వెళ్లాను, దాని పేరు వద్దు. అంతా ఫోన్లోనే. గేటు దగ్గరికి చేరాక లింకు నొక్కితే ఓటీపీ వస్తుందన్నారు. గేటు దగ్గర సిగ్నల్ లేదు. అర్ధరాత్రి పన్నెండున్నరకు, అమ్మను కారులో కూర్చోబెట్టి, మేమిద్దరం ఫోన్లు పైకెత్తుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచాం. సిగ్నల్ దొరికి, ఓటీపీ వచ్చి, మళ్లీ గేటు దగ్గరికి చేరేసరికి దాని టైమ్ అయిపోయింది. రెండోసారికి గానీ గేటు తెరుచుకోలేదు. మాకిచ్చింది ఆరో నంబరు టెంటు. అన్నీ ఒకే రంగు, ఒకే వరస, లైట్లు ఆర్పేసి ఉన్నాయి. ఫోన్ టార్చి వేసి చూస్తే గుడ్డకు వేలాడుతున్న చిన్న రేకు మీద ఆరు అని కనిపించింది. జిప్పు లాగాను. లోపల నుంచి ఒక అమ్మాయి కేక పెట్టింది. అది తొమ్మిది. గాలికి రేకు తిరగబడింది. ఆ అమ్మాయి ఎంత బెదిరిపోయిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ టెంట్లో నేనుంటే అంతే బెదిరిపోయేదాన్ని. క్షమించమని చెబుతుంటే నా గొంతు కూడా వణికింది. మా అమ్మ ఆ రాత్రి పడుకోలేదు. ఎవరైనా జిప్పు లాగుతారేమోనని తెల్లవార్లూ కూర్చునే ఉంది.

అందులో తాళం తప్పు లేదు. ఈ మధ్య వచ్చే కోడ్ తాళాల్లో చాలావాటికి ఇంటర్నెట్ అక్కర్లేదు. టైమును బట్టి కోడ్ పుట్టించే లెక్క తాళంలోనూ, యజమాని యాప్‌లోనూ ఒకటే ఉంటుంది. కాబట్టి ఈ రాత్రికి మాత్రమే పనిచేసే అంకెలను పొద్దున్నే పంపేయొచ్చు. గేటు దగ్గరికి వచ్చాక ఓటీపీ అని పెట్టినవాళ్లు ఆ చోట నిలబడి ఒక్కసారి కూడా చూసుకోలేదు.

అయితే మనిషి ఉన్న చోటల్లా మర్యాద ఉంటుందనీ అనను. ఇంకోసారి నేనూ నా ఫ్రెండూ మాత్రమే వెళ్లాం. అక్కడ కుర్చీలో కూర్చున్న మనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, "మగోళ్లెవరూ రాలేదా?" అన్నాడు. తర్వాత పెళ్లయిందా అని. ఆ తర్వాత, మన దగ్గర ఎంతో సౌమ్యంగా అడిగే ఆ ప్రశ్న, "మీరేమిట్లు?" అని. కులం చెబితేగానీ టెంటు ఇవ్వనని అనలేదు, నిజమే. కానీ అర్ధరాత్రి, వెళ్లడానికి ఇంకో చోటు లేనప్పుడు ఆ ప్రశ్న వేసినవాడికి ఎదురు చెప్పగలమా? ఇద్దరి ఆధార్ కార్డులూ రెండువైపులా తన సొంత ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఫోన్లో చెప్పిన రేటు పాతదని ఇంకో ఐదువందలు అడిగాడు. ఇచ్చాం. ఆ రాత్రి నాకు కోడ్ తాళం ఎంత గౌరవమైన వస్తువో అర్థమైంది. అది ఎవరినీ ఏమీ అడగదు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకూ, భార్యాభర్తలకూ, ఏ మతం వాళ్లకైనా, ఏ కులం వాళ్లకైనా ఒకేలా తెరుచుకుంటుంది. బుక్ చేసినప్పుడు చెప్పిన రేటే రేటు.

అందుకే కాగితాల పని మొత్తం ఫోన్‌కు వదిలేయమంటాను. గుర్తింపు కార్డు వివరాలు రాసిపెట్టుకోవడం నడిపేవాళ్లకు తప్పదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో సమాచారం పంపాలి కూడా. కానీ అదంతా అర్ధరాత్రి బల్బు కింద పురుగులు ముసురుతుంటే, పసిపిల్లను భుజాన వేసుకున్న తల్లిని నిలబెట్టి రాయించాల్సిన పని కాదు. ముందురోజు ఇంట్లో కూర్చుని నింపగలరు. పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అదే అడగమంటాను. వచ్చినవాళ్ల కార్డుల ఫోటోలు పనివాళ్ల ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. 2023లో వ్యక్తిగత డేటాకు చట్టం వచ్చిందని కాదు, నమ్మి ఇచ్చిన కాగితం కాబట్టి.

కానీ అసలు దిగడం అనేది కాగితం పని కాదు. నేను ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఒక రాత్రి.

గండికోటలోనే, మా తమ్ముడి చోటు కాదు, వేరే చోటు. అప్పటికి మేం నలుగురం. కారు లైట్లు పడగానే ఒక పెద్దాయన మెడలో టవలు, చేతిలో పాతకాలపు మూడు సెల్స్ టార్చితో ఎదురొచ్చాడు. "వచ్చినారా తల్లీ, దావ దొరికిందా?" అన్నాడు. పేర్లు అడగలేదు. చెంబుతో నీళ్లిచ్చి, మేం తాగేదాకా ఆగి, "ఎంతమంది? నలుగురేనా?" అని టార్చి ఒక్కొక్కరి కాళ్ల మీద వేసి లెక్కపెట్టుకున్నాడు. ముఖాల మీద వేయలేదు, ఆ మర్యాద నాకు ఇప్పటికీ గుర్తు. తర్వాత టార్చిని దూరంగా నేల మీద వేశాడు. రాళ్ల మధ్య ఒక తెల్లటి సున్నం గీత కనిపించింది. "ఆ గీత ఈపక్కే ఉండాల. ఆపక్క లోయ. పొద్దున వెలుతురు వచ్చినాక నేనే పిలుచుకపోతా, ఎవరూ ఒంటిగా పోవద్దు" అన్నాడు. గీత అవతలికి టార్చి తిప్పితే వెలుతురు ఎక్కడా ఆగలేదు. నేల లేదు, చెట్టు లేదు, ఉట్టి చీకటి. ఎర్రమల కొండను పెన్న కోసుకుంటూ పోయిన ఆ వందల అడుగుల లోతు మా టెంటుకు అంత దగ్గరలో ఉందని అప్పుడే తెలిసింది.

చెప్పులు బయట విడవబోతే, "లోపల పెట్టుకోండి, పొద్దున తొడుక్కునేటప్పుడు దులపండి, తేళ్లు ఉంటాయి" అన్నాడు. టెంటు తాళ్లను ఒక్కొక్కటి లాగి చూసి, వదులుగా ఉన్న ఒకదాన్ని మేకు చుట్టూ ఇంకో చుట్టు తిప్పి బిగించాడు. పొద్దున టీ తెచ్చినప్పుడు ఆయన చేసిన మొదటి పని మళ్లీ మమ్మల్ని లెక్కపెట్టడం. నలుగురిలో ఒకడు కనిపించలేదు. టీ గ్లాసులు కింద పెట్టేసి ఆయన ఎంత వేగంగా అంచువైపు నడిచాడో నేను మరచిపోలేను. మా వాడు బాత్రూమ్‌లో ఉన్నాడు, ఏమీ కాలేదు. కానీ ఆ రెండు నిమిషాలు మా కోసం భయపడిన మనిషి ఒకడున్నాడు.

ఈ మాటలన్నీ వాట్సాప్‌లో పంపొచ్చు కదా అంటారు. పంపాలి కూడా. కానీ ఆరు గంటలు కారు నడిపి వచ్చినవాళ్లు మెసేజ్ చదవరు. చదివినా, "లోయ దగ్గర జాగ్రత్త" అన్న అక్షరాలు వేరు, టార్చి వెలుతురు పడడానికి నేల లేకపోవడం చూడటం వేరు. తాళానికి కోడ్ తెలుస్తుంది గానీ, తాగి వచ్చినవాళ్లెవరో, జ్వరంతో ఉన్న పిల్ల ఎవరో, అలిగి ఒంటరిగా అంచుకు నడిచిపోయేలా ఉన్నదెవరో తెలియదు.

కాబట్టి రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే, లోయ అంచున ఉన్న పది టెంట్లకు నేను మనిషినే ఎంచుకుంటాను. ఆ కుర్చీ మనిషి లాంటివాడు దొరికే ప్రమాదం ఉన్నా సరే. మనిషి పద్ధతి మార్చవచ్చు, మాట నేర్పవచ్చు, కుదరకపోతే మనిషినే మార్చవచ్చు. తాళానికి లెక్కపెట్టడం నేర్పలేం.

ఇప్పుడు వాడికి. తమ్ముడూ, తాళం కొను. నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడిచేది, సెల్స్ అయిపోతే బయటి నుంచి పవర్ బ్యాంక్ తగిలించి తెరవగలిగేది చూసి కొను. కోడ్ పొద్దున్నే మామూలు మెసేజ్‌గా పంపు, స్క్రీన్‌షాట్ తీసుకోమను. జమ్మలమడుగు దాటకముందే ఒకసారి ఫోన్ చేయమను. ఫారం, డబ్బు, కార్డు అన్నీ బయల్దేరకముందే అయిపోవాలి. టెంట్లకు అంకెలు తీసేసి పేర్లు పెట్టు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాయించు: చింత, వేప, రావి, తంగేడు. ఏ గాలికి తిరగబడినా చింత వేప కాదు.

ఆ తాళం వల్ల నీకు మిగిలే టైములో నువ్వు పడుకో. రాత్రి పదకొండు నుంచి మూడు దాకా కూర్చోవడానికి ఊళ్లో ఒక పెద్దమనిషిని పెట్టుకో, పగలు ఆయనకు వేరే పని చెప్పకు. బీడీ తాగుతూ కూర్చున్నా పర్లేదు. ఆయన ఎవరి పేరూ అడగక్కర్లేదు, ఏ ఊరనీ అడగక్కర్లేదు, ఎంతమందో లెక్కపెట్టుకుంటే చాలు. మంచం గేటు దగ్గర వేయించు. నీళ్ల కుండ పక్కనే ఉండాలి. సున్నం వానకు పోతుంది, ప్రతి వారం గీత కొత్తగా గీయించు.

వచ్చే శుక్రవారం అమ్మను తీసుకుని వస్తున్నాను. నేనే అని ఆయనకు చెప్పొద్దు. ఒంటిగంట అవుతుంది.