పోచంపల్లి, పుట్టపాక: ఒక్క రోజులో ఇక్కత్ చూసి రావాలంటే

ఇక్కత్ అంటే నేయకముందే దారాన్ని అక్కడక్కడా కట్టి రంగు వేసి, ఆ రంగుతోనే డిజైన్ తెచ్చే నేత. దానికోసం పోచంపల్లికి వెళ్లేవాళ్లలో చాలామంది కారు దిగగానే దుకాణంలోకి దూరతారు. పొరపాటంతా అక్కడే. వంద చీరలు చూసి కళ్లు అలిసిపోయాక మగ్గం ముందు నిలబడినా అక్కడ ఏం జరుగుతోందో బుర్రకెక్కదు. ముందు ఆసు (మేకుల మీద దారం తిప్పే పని), తర్వాత చిటికి (రంగుకు ముందు దారాన్ని బిగించి కట్టడం), ఆ తర్వాత మగ్గం, దుకాణం చివర్లో. ఈ వరస తప్పకపోతే ఊరికి సగం రోజు సరిపోతుంది.

హైదరాబాద్ నుంచి 40 కిలోమీటర్ల పైచిలుకు. ఎల్బీ నగర్ నుంచి విజయవాడ హైవే ఎక్కి, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఎడమకు తిరగాలి. ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు బీబీనగర్ దారి నయం. రాత్రి బస ఊళ్లో వెతకడం కంటే ఎల్బీ నగర్ దగ్గర దిగడం మేలు. హైటెక్ సిటీలో గది తీసుకుంటే పొద్దున్నే సిటీ దాటడానికే గంటకు పైగా పోతుంది.

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. అంతమాత్రాన గైడ్లు, టికెట్ కౌంటర్లు ఊహించుకోవద్దు. ఇది పని చేసుకునే ఊరు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి తెర తీసింది ఇక్కడే. వినోబా మందిరానికి పది నిమిషాలు, పర్యాటక కేంద్రంలోని ప్రదర్శనకు పావుగంట చాలు. అసలు ప్రదర్శన ఇళ్లలో ఉంది.

ఆసు దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పేక దారాన్ని, అంటే అడ్డ దారాన్ని, ఆ ఒక్క మేకు నుంచి ఒక్కో మేకుకు తిప్పుకుంటూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడుతుంది, నాలుగైదు గంటల పని. భుజాలు పట్టేసేది ఇక్కడే. తల్లి పడే ఈ బాధ చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతి ఆసు, యంత్రం రెండూ చూడగలిగితే సంప్రదాయం, ఆధునికత గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. యంత్రం దారం తిప్పే శ్రమనే తీసుకుంది, డిజైన్ జోలికి పోలేదు.

డిజైన్ పుట్టేది గళ్ల కాగితం మీద. ఇప్పుడు కొందరు కంప్యూటర్‌లో గీస్తున్నారు, అయినా ఆ గడి మళ్లీ దారం మీదికి చేతి గుర్తుగానే రావాలి. గుర్తు పెట్టిన చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. లేత రంగు ముందు, ముదురు తర్వాత, మధ్యలో విప్పడం, మళ్లీ కట్టడం. కట్టు కాస్త వదులైతే రంగు లోపలికి పాకి పువ్వు అంచు మసకబారుతుంది. మగ్గం మీద పేక పడిన ప్రతిసారీ నేతగాడు దారాన్ని అంచు దగ్గర వేలితో కొద్దిగా లాగి రంగును దాని చోటికి తెస్తాడు. కొంచెం జరిగినా గీత మెట్లు మెట్లుగా విరుగుతుంది.

వానాకాలం వెళ్తే ఇందులో సగం కనిపించదు. గుంత మగ్గాల్లోకి చెమ్మ చేరుతుంది, అద్దిన నూలు ఆరదు, వీధిలో పడుగు (నిలువు దారాలు) సాపు చేసే పని ఆగిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఇంట్లోకి వెళ్లే ముందు అడగాలి, చిటికి కట్టిన దారాన్ని ముట్టుకోకూడదు, గళ్ల కాగితం ఫొటో అడక్కుండా తీయకూడదు. అది వాళ్ల సొంత డిజైన్.

చౌటుప్పల్ మీదుగా గంటకు పైగా వెళ్తే సంస్థాన్ నారాయణపూర్ మండలంలోని పుట్టపాక. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే పుట్టపాకే. పడుగు, పేక రెండూ చిటికి కట్టి నేసే డబుల్ ఇక్కత్‌కు ఈ ఊరు పెట్టింది పేరు. తేలియా రుమాలు కూడా ఇక్కడే చూడాలి. చీరాలలో పుట్టిన ఈ పనికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూనె, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి అప్పుడు రంగు వేస్తారు. అందుకే కొత్త గుడ్డకు నూనె వాసన వస్తుంది, దాన్ని లోపం అనుకోవద్దు. విమానాలు, గడియారాలు నేసిన పాత రుమాళ్లు ఉన్నాయని తెలిస్తే, 'మోడ్రన్ ఇక్కత్' అని చీటీ అంటించి అమ్మే షోరూమ్‌ల మీద నవ్వొస్తుంది. పుట్టపాకకు సొంత బండి ఉండాలి. బస్సును నమ్ముకుని రెండు ఊళ్లూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ సగం సగమే. భోజనం చౌటుప్పల్‌లో హైవే మీద ముగించుకోవచ్చు.

కొనేటప్పుడు గుడ్డ తిరగేయండి. ఇక్కత్‌లో వెనకా ముందూ ఒకే రంగు, పువ్వు అంచు ఈకలా చెదిరి ఉంటుంది. అంచు కత్తిరించినట్టు ఉండి వెనక వెలిసి కనిపిస్తే అది ప్రింటు. డబుల్ ఇక్కత్ అంటే పువ్వు దగ్గర నిలువు దారం, అడ్డ దారం రెండింటికీ రంగు మారాలి. భూతద్దం ఉంటే పని తేలిక. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ చీటీ అడగండి, బిల్లు మీద 'చేతి మగ్గం' అని రాయించుకోండి. మరమగ్గం సరుకు పక్క అరలోనే ఉంటుంది, ధరలో తేడా ఎందుకో అమ్మేవాళ్లు అడిగితేనే చెప్తారు. ముదురు ఎరుపు నూలు చీరను మొదటి రెండు మూడు ఉతుకులు చన్నీళ్లలో విడిగా ఉతకాలి.

ఆదివారం సాయంత్రం మాత్రం 4 గంటలకే బయల్దేరాలి. ఆ తర్వాత హయత్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా బండి నడవదు, పాకుతుంది.