శంషాబాద్ నుంచి డల్లాస్‌కి ఏ దారి మేలు?

శంషాబాద్ నుంచి డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌కి గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారం కారాకోరం కొండల మీదుగా ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. విమానాలకు అది నచ్చే దారి కాదు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే పదివేల అడుగులకు దిగాలి, అక్కడ కొండలే అంతకంటే ఎత్తు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఇక్కడి నుంచి షికాగోకి నాన్‌స్టాప్ మొదలుపెట్టి తర్వాత ఆపేసింది. డల్లాస్‌కైతే ఎక్కడో ఒకచోట మారాల్సిందే.

ఎక్కడ మారినా దూరంలో పెద్ద తేడా లేదు. దుబాయ్ మీదుగా 15,500, దోహా మీదుగా 15,650, లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,400 కిలోమీటర్ల చిల్లర. మారేదల్లా ఆ దూరం ఎలా విడిపోతుందన్నదే. గల్ఫ్ దారిలో మొదటిది నాలుగు గంటలు, రెండోది ఏకంగా పదహారు. యూరప్ దారిలో రెండూ పదేసి గంటలకు అటూ ఇటూ. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు యూరప్ దారే నయం, మధ్యలో కాళ్లు చాపుకోవచ్చు. ఒక్కసారి ఎక్కి నిద్రపోగలిగేవాళ్లకు గల్ఫ్.

టికెట్ మీద సమయాలు చూసి మోసపోకండి. తెల్లవారుజామున 4:20కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4:20కి దిగుతారని ఉంటే అది పన్నెండు గంటల ప్రయాణం కాదు. రెండూ అక్కడక్కడి గడియారాలే కాబట్టి వేసవిలో 10:30 గంటలు కలపాలి, మొత్తం 22:30. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే 11:30 కలపాలి. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్–గల్ఫ్ గంటన్నర దాకా తగ్గుతుంది.

మధ్యలో ఆగడానికి రెండున్నర నుంచి నాలుగు గంటలు సరైన లెక్క. గంటా పావు కనెక్షన్ చౌకగా కనిపిస్తుంది గానీ, అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది. ఇక్కడ అరగంట లేటైతే అక్కడ పరుగే. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తప్పిపోయినా ఎయిర్‌లైన్ వేరేదాంట్లో ఎక్కిస్తుంది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత మీదే, వేలు మిగిల్చబోయి లక్ష పోతుంది.

ఎనిమిది గంటలు దాటితే దోహా, దుబాయ్ రెండుచోట్లా ఎయిర్‌పోర్ట్ లోపలే హోటళ్లున్నాయి, వీసా అక్కర్లేదు. చెకిన్ బ్యాగు మాత్రం చేతికి రాదు. ఒక జత బట్టలు, మందులు క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి. పవర్ బ్యాంక్ కూడా అందులోనే. ఎండు కొబ్బరి చెకిన్‌లో వేస్తే తీసేయిస్తారు, దానికి నిప్పంటుకునే గుణం ఉంది. ఆవకాయ సీసా క్యాబిన్‌లోకి రానివ్వరు, చెకిన్‌లో మూడు కవర్లు చుట్టి పెట్టండి.

చాలామంది పొరబడేది తేదీ దగ్గర. ఆదివారం 4:20 అంటే శనివారం రాత్రి పన్నెండున్నరకల్లా సికింద్రాబాద్‌లో కారెక్కాలి. కౌంటర్ గంట ముందే మూసేస్తారు.