ఫెమా పాలసీయా, ప్రైవేటు పాలసీయా? ఫ్లడ్ ఇన్సూరెన్స్‌లో ఏది మేలు?

హ్యూస్టన్‌కి దిగువన, గాల్వెస్టన్ బే వైపు లీగ్ సిటీ, క్లియర్ లేక్‌లలో ఇల్లు కొంటున్న మనవాళ్లు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు: వరద బీమా అమెరికా ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా నుంచి తీసుకోవాలా, ప్రైవేటు కంపెనీ నుంచా అని. ఈమధ్య మాకూ తేల్చుకోవాల్సి వచ్చింది.

"మాది ఎక్స్ జోన్ (ఫెమా మ్యాపులో వరద ముప్పు తక్కువున్న చోటు), లెండర్ (ఇంటి అప్పు ఇచ్చేవాళ్లు) అడగలేదు, మరి ఎందుకు?" అనేవాళ్లకు ఒక్క మాట. 2017 హార్వీ తుఫానుకి హారిస్ కౌంటీలో లక్షన్నరకు పైగా ఇళ్లు మునిగాయి. అందులో మూడింట రెండు వంతులు ముప్పు ఎక్కువని గుర్తించిన ఏ, వీ జోన్ల గీత బయటివే. గీత చూసి నీళ్లు ఆగవు.

కాగితం మీద చూస్తే ప్రైవేటుదే పైచేయి. ఫెమాది ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 దగ్గర ఆగిపోతుంది. ఏడేళ్ల సోఫా తడిస్తే ఏడేళ్ల పాత సోఫా ధరే ఇస్తారు. ఇల్లు బాగయ్యేదాకా బయట ఉంటే ఆ అద్దె ఇవ్వరు. ప్రైవేటులో లిమిట్లు ఎక్కువ, చాలా పాలసీల్లో అద్దె కూడా వస్తుంది.

అయినా నేను ఫెమా వైపే మొగ్గాను. కారణం రెన్యువల్. ప్రీమియం కడుతూ, మన ఊరు ఫెమా వరద బీమా పథకంలో ఉన్నంతకాలం, క్లెయిమ్ చేశామని ఫెమా పాలసీ తీసేయరు. ప్రైవేటు కంపెనీకి ఆ కట్టుబాటు లేదు. ఒక పెద్ద తుఫాను తర్వాత "ఈసారి రెన్యూ చేయడం లేదు" అని ఉత్తరం రావచ్చు. మా స్నేహితుడికి అలాగే వచ్చింది. అప్పుడు ఫెమాకి తిరిగొస్తే, పాత పాలసీదారులకి ఉండే రాయితీ ఉండదు. 2021లో మొదలైన కొత్త రేట్ల పద్ధతిలో జోన్ కాదు, నీళ్లకి ఇల్లు ఎంత దూరం, ఎంత ఎత్తు లాంటివి చూస్తారు. పాతవాళ్లకి మాత్రం, సొంతంగా ఉండే ఇంటికైతే, ఏడాదికి 18 శాతం మించి పెంచరు. ఇలా మెట్లు మెట్లుగా పెరిగే ఆ వెసులుబాటు వదిలేస్తే ఒకేసారి పూర్తి రేటు.

చాలామందికి తెలియని సంగతి: ఇల్లు అమ్మేవాళ్ల ఫెమా పాలసీని కొనేవాళ్ల పేరుకి మార్చుకోవచ్చు, ఆ మెట్లతో సహా. క్లోజింగ్‌కి (ఇల్లు మన పేరు మీదకి మారే రోజుకి) ముందే అడగండి. మేం అదే చేశాం.

2,50,000 దాటిన భాగానికి ప్రైవేటులో ఎక్సెస్ పాలసీ దొరుకుతుంది.

కొత్తగా కట్టిన పెద్ద ఇల్లయితే, పాత రాయితీ ఏమీ లేకపోతే, ప్రైవేటు కోట్ తప్పక చూడండి. ఫెమాకి వెళ్తే మాత్రం, క్లోజింగ్‌తో కాకుండా విడిగా తీసుకున్న పాలసీ 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలు, కాబట్టి ఏప్రిల్‌లోనే కట్టేయండి.