కొలిక్కి రాని కొక్కేలు: నల్లపూసల గొలుసుకు ఏది నయం?

పంచాయితీ ఒక కొలిక్కి వచ్చిందా అని రోజూ అడుగుతాం కానీ, నగల షాపుకెళ్లి ‘కొలికి మార్చాలి’ అంటే కౌంటర్లో కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. కొలికి అంటే హారం రెండు కొసల్నీ కలిపి పట్టే కొక్కెం. ఇప్పుడు దాన్ని హుక్కు అనో, ఎస్ అనో, మర అనో అంటున్నారు. లాకెట్‌ని పదిసార్లు తిప్పి చూసేవాళ్లు కూడా దీన్ని మాత్రం చూడరు. గొలుసు జారిపోయేది ఇక్కడే.

రోజూ వేసుకునే నల్లపూసలకు మా ఓటు ఎస్ కొక్కేనికే, అంటే ఇంగ్లిషు ఎస్ అక్షరంలా వంచిన తీగకే. అందులో స్ప్రింగు లేదు, పాడయ్యే భాగమూ లేదు. తీగ మాత్రం మిల్లీమీటరుకు తగ్గకూడదు. 22 క్యారెట్ల బంగారం మెత్తన. సన్నటి తీగైతే రవికె దారం తగులుకుని లాగినా నోరు తెరుచుకుంటుంది. దాన్ని పళ్లతో నొక్కి మూయడం మన ఇళ్లలో పాత అలవాటు. ఒకేచోట వంచుతూ పోతే లోహం గట్టిపడి, పెళుసెక్కి, చివరికి అక్కడే పగులుతుంది. రింగు రాసుకునే లోపలి వంపు కూడా అరుగుతుంది. తీగ మందంలో మూడో వంతు పోయినట్టు కనిపిస్తే ఇక సాగదీయకుండా మార్పించేయాలి.

స్ప్రింగు హుక్కు, అదే లాబ్‌స్టర్, ఒంటిచేత్తో పెట్టుకోవచ్చు. తేలిక గొలుసుకు బాగుంటుంది. చెమట, పౌడరు, నూనె లోపల చేరితే నాలుక (లాగితే తెరుచుకునే భాగం) పూర్తిగా మూసుకోదు. కొనేటప్పుడు పదిసార్లు లాగి వదలండి, ఒక్కసారి సగంలో ఆగినా వద్దనండి. దీనికి రిపేరు లేదు, మొత్తం మార్చడమే. ఇంకో సంగతి: పక్క రింగుకు టంకం వేసేటప్పుడు హుక్కుకు తడిగుడ్డ చుట్టమని కంసాలికి చెప్పాలి (తెలంగాణలో అవుసులాయన). మంట వేడి తగిలితే స్ప్రింగు బిగువు చస్తుంది.

మర, అంటే తిప్పి బిగించే స్క్రూ, ఎప్పుడో ఒకసారి పెట్టే బరువు హారాలకే. మెడ కదిలేకొద్దీ వదులవుతుంది, పసుపూ గంధమూ చుట్లలో ఇరుక్కుంటాయి. బిగుసుకుపోతే పట్టకారుతో తిప్పొద్దు. గోరువెచ్చని సబ్బునీళ్లలో కాసేపు ఉంచి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, ఆరాక తిప్పండి. అయస్కాంతం హుక్కులు గిల్టు నగలకు సరే, బంగారానికి వద్దు.

ఏ రకమైనా ఎదుటి రింగును మరవకండి. దాని అతుకుకు టంకం పడిందా లేదా గోటితో తడిమితే తెలుస్తుంది. గోరు సందులో ఇరుక్కుంటే అది ఊరికే నొక్కి వదిలిన రింగు. హుక్కు మార్పిస్తే అది ఎన్ని క్యారెట్లో, ఎంత బరువో బిల్లులో విడిగా రాయించుకోండి. 22 క్యారెట్ల గొలుసుకు 18 క్యారెట్ల హుక్కు వేసి ఒకే ధర కట్టడం కుదరదు. స్ప్రింగు ఉక్కుదైతే దాని బరువుకు బంగారం ధర ఇవ్వొద్దు.