గేమ్ అకౌంట్‌కి ఓటీపీనా, గూగుల్ బటనా, పాస్‌వర్డా: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన కుర్రాళ్ల గేమ్ లాగిన్ కష్టాలు చాలావరకు ఊరు మారడంతోనే మొదలవుతాయి. నాన్న తీయించిన సిమ్, ఇంజినీరింగ్ కాలేజీ ఇచ్చిన మెయిల్, తమ్ముడికి ఇచ్చేసిన పాత ఫోన్: అకౌంట్ వీటిలో దేనికో ముడిపడి ఉంటుంది. బెంగళూరు చేరాక నంబరు మారుతుంది, చదువు అయిపోయాక కాలేజీ మెయిల్ మూసేస్తారు, పాత ఫోన్లో తమ్ముడు అన్నీ చెరిపేసి తన ఆటలు ఎక్కించుకుంటాడు. ‘ఏ లాగిన్ పెట్టుకోవాలన్నా?’ అని ఎవరైనా అడిగితే నేను చూసేది ఒకటే. ఫోన్ పోయినా, నంబరు మారినా మళ్లీ లోపలికి వెళ్లే దారి ఉందా?

ఆ లెక్కన ఓటీపీకి నా దగ్గర చివరి మార్కే. వాడుతున్నంతకాలం దానంత సుఖం లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందేమీ ఉండదు. కానీ ఊరి సిమ్‌ని రెండో స్లాట్‌లో పడేసి రీచార్జ్ మానేస్తే కొన్నాళ్లకి మెసేజీలు రావడం ఆగిపోతుంది, ఇంకొన్నాళ్లకి నంబరే ఎత్తేస్తారు. ఎత్తేసిన నంబరును 90 రోజుల దాకా వేరేవాళ్లకి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకి చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చన్నమాటే కదా. మీ గేమ్ ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోన్లో మోగుతుంది.

సిమ్ పోయి డూప్లికేట్ తీసుకున్నవాళ్లది ఇంకో బాధ. కొత్త సిమ్ పనిచేస్తుంది, కాల్స్ వస్తాయి, ఓటీపీ మాత్రం రాదు. గేమ్ సర్వర్‌ని తిట్టుకుంటూ ‘రీసెండ్’ నొక్కుతూనే ఉంటారు. ఇది సర్వర్ తప్పు కాదు. సిమ్ మార్పిడి మోసాలు పెరిగాయని టెలికాం శాఖ 2022లో ఒక నియమం పెట్టింది: డూప్లికేట్ సిమ్ యాక్టివేట్ అయ్యాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. ఆ ఒక్క రోజు ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోకుండా నొక్కితే ‘చాలాసార్లు ప్రయత్నించారు’ అని గేమ్ కూడా తలుపేస్తుంది, అప్పుడు రెండు గడువులూ కాచుకోవాలి.

‘గూగుల్‌తో లాగిన్’ బటన్ దీనికన్నా మేలు. ఫోన్ మార్చినా అకౌంట్ మీ వెంటే వస్తుంది, నంబరుతో పనిలేదు. కానీ ‘అన్నా, నా ఐడీ పోయింది’ అని వచ్చే గోలలో ఎక్కువ భాగం ఈ బటన్ల దగ్గరే. నాకు తెలిసి సగం ఐడీలు ఎక్కడికీ పోవు. మొదట్లో ఫేస్‌బుక్‌తో చేరి ఉంటాడు, కొత్త ఫోన్లో గూగుల్ నొక్కుతాడు, గేమ్ కొత్త మనిషనుకుని లెవెల్ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. లేదా ఫోన్లో రెండు జీమెయిళ్లుంటాయి, రెండోదాంతో ఎక్కేస్తాడు. అందుకే ఎవరైనా అడిగితే పాస్‌వర్డ్ రీసెట్ జోలికి పోకముందే బయటికొచ్చి మిగతా బటన్లన్నీ ఒక్కోటీ నొక్కి చూడమంటాను. గెస్ట్‌గా ఆడినవాళ్ల సంగతి వేరు. దేనికీ లింక్ చేయకుండా యాప్ తీసేస్తే ఆ ఐడీ మీద ఆశ వదులుకోవడమే.

గూగుల్ అకౌంటే తెరుచుకోకపోతే? అప్పుడు గేమ్ ఒక్కటే కాదు, ఫొటోలూ మెయిళ్లూ అన్నీ ఆగుతాయి. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. రికవరీ చేసేటప్పుడు ఎప్పుడూ వాడే ఫోన్ నుంచి, ఎప్పుడూ ఉండే చోటు నుంచి ప్రయత్నించమని గూగులే చెబుతుంది. కడప నుంచి వచ్చినవాడు కోరమంగళ కేఫ్‌లో కూర్చుని పదిసార్లు ప్రయత్నించేకంటే పండక్కి ఇంటికెళ్లి, పాత ఫోన్లో, ఇంటి వైఫై మీద ఒక్కసారి చూడటం మంచిది. ఇంట్లో పిల్లలు నాన్న జీమెయిల్‌తో ఆడుతుంటే ఆయన ఫోన్ మార్చేముందు ఆ ఐడీ ఏ మెయిల్ మీదుందో రాసిపెట్టుకోండి. లెవెళ్లు తప్ప డబ్బు పెట్టని ఆటలకి గూగుల్ బటనే చాలు, ఇంతకన్నా హైరానా అక్కర్లేదు.

కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లాంటి చోట వేలు పోసి గేములు కొన్నవాళ్లకి మాత్రం సొంత మెయిల్, వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్, పైన లాగిన్ కోడ్‌ని ఫోన్లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్: ఇదే నా ఓటు. మొదటిరోజు కాస్త విసుగు. కాలేజీదీ కంపెనీదీ కాని మెయిల్ ఉండాలి, ఎందుకంటే రెండూ మనవి కావు, ఒకరోజు తీసేసుకుంటారు. అథెంటికేటర్ ఇచ్చే కోడ్‌కి సిమ్ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. సెటప్ రోజున పంచుకున్న రహస్య సంఖ్యనీ, ఫోన్ గడియారాన్నీ కలిపి 30 సెకన్లకోసారి లెక్కగట్టే కోడది.

గడియారం అన్నాను కదా, దాని తంటా ఒకటుంది. మా పీజీలో ఒకడు పొద్దుట్నుంచీ కుస్తీ పడుతున్నాడు.

“అన్నా, కోడ్ కరెక్టుగానే కొడుతున్నా, తప్పంటోంది.”

“నీ ఫోన్లో టైమెంతరా?”

చూస్తే బయట ఇంకా మధ్యాహ్నం, వాడి ఫోన్లో రాత్రి పదకొండు. ఏదో పజిల్ గేమ్‌లో లైఫులు తొందరగా నిండాలని టైమ్ ముందుకు జరిపాడు! సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేయగానే కోడ్ పట్టింది. అథెంటికేటర్ కోడ్ పడటం లేదంటే ముందు చూడాల్సింది అక్కడే.

దీనికున్న అసలు గండం ఫోన్ పోవడం. దానికి మందు ముందే ఇస్తారు, మనమే తీసుకోం. స్టీమ్ అయితే ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రికవరీ కోడ్ చూపిస్తుంది. గూగుల్ పది బ్యాకప్ కోడ్లిస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో దాచుకునేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు. కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టండి. కోడ్ లేకపోయినా స్టీమ్ సపోర్ట్‌కి కొన్నప్పటి చెల్లింపు వివరాలు చూపిస్తే దారి దొరుకుతుంది, కాబట్టి కొనుగోలు మెయిళ్లు చెరిపేయకండి. అథెంటికేటర్ తీసేస్తే మాత్రం కొన్నాళ్లు గేమ్ వస్తువుల ట్రేడింగ్‌ని (ఇచ్చిపుచ్చుకోవడాన్ని) పట్టి ఉంచుతారు, 15 రోజుల దాకా. తొందరపడి తీసి మళ్లీ పెట్టడం వల్ల లాభం లేదు.

పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పాస్‌కీ కూడా వచ్చేసింది, ప్లేస్టేషన్ 2024 నుంచీ ఇస్తోంది. వేలిముద్రతో పని అయిపోతుంది, దొంగ సైట్‌లో పనిచేయదు. ఇంట్లో సొంత ఫోన్, సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లకి హాయి. గేమింగ్ కేఫ్‌లో ఆడేవాళ్లకి అంత కలిసిరాదు. ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేసి ఎక్కాలంటే ఆ డెస్క్‌టాప్‌లో బ్లూటూత్ ఉండాలి, చాలాచోట్ల ఉండదు.

రమ్మీ, ఫ్యాంటసీ లాంటి డబ్బు ఆటల లాగిన్ సంగతి ఈ తూకంలోకి తేలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని ఆపేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతా నిషేధమే. ‘మీ పాత బ్యాలెన్స్ వెనక్కి రావాలంటే ఇక్కడ లాగిన్ అవ్వండి’ అని ఎస్ఎంఎస్‌లో లింక్ వస్తే నొక్కకండి. బ్యాలెన్స్ ఉంటే అసలు యాప్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి. ‘ఐడీ రికవరీ చేసిపెడతాం, ఓటీపీ చెప్పు బ్రో’ అని టెలిగ్రామ్‌లో తగులుకునేవాళ్లూ ఆ బాపతే. ఇప్పటికే వాళ్లకి డబ్బు పంపి ఉంటే గేమ్ సపోర్ట్‌కి రాసేముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ.