ఎదుటి బీరువాకు సగం బాడుగ

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత లాడ్జి మెట్ల కింద, పుస్తకాలు అద్దెకిచ్చే షాపు ఒకటి ఉంది. పది నెలలుగా నేను అక్కడ చందాదారుణ్ణి. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవద్దని యజమానే అడిగారు. ఎందుకు అడిగారో తర్వాత చెబుతాను. పేరు లేని షాపుకు సమీక్ష ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు గానీ, ఊళ్ళో ఉన్నవాళ్ళు రెండు సాయంత్రాలు ఆ వీధుల్లో తిరిగితే ఎలాగూ కనుక్కుంటారు, తిరిగే ఓపిక లేనివారికి పేరు తెలిసీ ప్రయోజనం లేదు.

గది పది అడుగుల వెడల్పు ఉంటుందేమో. ఎడమ గోడకు ఒక ఇనుప బీరువా, కుడి గోడకు మరొకటి, రెండింటి మధ్య ఒక మనిషి పట్టే సందు. ఎడమ బీరువాలో భారత భాగవతాలు, అన్నమాచార్య సంకీర్తనల సంపుటాలు, ఉపనిషత్తుల తాత్పర్యాలు, దేవస్థానం వారి పాత ప్రచురణలు ఉంటాయి. అడుగు అరలో బైబిలు వ్యాఖ్యానాలు కొన్ని, ఖురాను తెలుగు అనువాదం ఒకటి. కుడి బీరువా నాస్తికులది, హేతువాదులది: త్రిపురనేని రామస్వామి, గోరా, నార్ల వెంకటేశ్వరరావు, రావిపూడి వెంకటాద్రి, అబ్రహాం కోవూరు అనువాదాలు, భగత్‌సింగ్ 1930లో లాహోరు జైలులో తన నాస్తికత్వం గురించి రాసుకున్న వ్యాసం. ఈ చివరిది పల్చటి పుస్తకం, అట్ట ఊడి కుట్టు వేయించుకున్నది, అయినా ఒక్క వారం అరలో నిలవదు.

వేమన మాత్రం రెండు బీరువాల్లోనూ ఉంటాడు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించినప్పటి మాట అటుంచి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పద్యాలను ఎవరి వైపుకు వారు లాక్కోవడమే చూస్తున్నాను. తగవెందుకని యజమాని రెండు ప్రతులు కొని చెరొక వైపూ పెట్టారు. పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో పుట్టి, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేసిన జిడ్డు కృష్ణమూర్తిని ఎటు పెట్టాలో తేలలేదట. ఆయన పుస్తకాలు నడుమ స్టూలు మీద ఉంటాయి. కూర్చోవాలంటే ఆ దొంతరను కింద పెట్టి స్టూలు లాక్కోవలసిందే.

డిపాజిట్ 300 రూపాయలు, పుస్తకానికి వారానికి 10 రూపాయలు. ఒక పుస్తకం ఒక బీరువా నుంచి తీసుకుని, రెండవది ఎదుటి బీరువా నుంచి తీసుకుంటే ఆ రెండవదానికి 5 రూపాయలే. ఈ లెక్క ఎక్కడిదని అడిగితే ఆయన అన్నది ఇది: "మన పక్క పుస్తకం ఎవురైనా తల ఊపతా చదివేస్తారు సామీ, దానికి నిండు బాడుగ ఇస్తే ఏమి? అవతల పక్కది చదివేది కష్టం. ఆ కష్టానికి సగం తగ్గించినా." తిరుపతి షాపుల్లో బేరానికి ఇంతకన్నా న్యాయమైన కారణం నేను వినలేదు.

నేను ఆ షాపు మెట్లు దిగింది పుస్తకాల మీద ప్రీతితో కాదు, ఇంట్లో పుట్టిన తగవు వల్ల. నేను ఆస్తికుణ్ణి, సోమవారాలు కపిలతీర్థం తప్పను. నా మేనల్లుడు శ్రీసిటీలో ఉద్యోగి, నాస్తికుడు, అందులో దాపరికం లేనివాడు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకరోజు నేను ఒక సందేశం పంపాను: గుడిగంట మోగితే మెదడు రెండు సగాలూ ఏకమవుతాయని నాసా తేల్చిందట. వాడు ఆధారం అడిగాడు. నేను వాడి చదువును ఎత్తిపొడిచాను. వాడు గ్రూపులో ఉన్న ముప్పై మందినీ కలిపి గొర్రెలమంద అన్నాడు. అందులో వాడి అమ్మ, అంటే మా అక్క, కూడా ఉంది. ఆ తర్వాత వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. నాలుగు నెలలు మా మధ్య మాటల్లేవు.

మా ఊరికి తిట్లు కొత్త కాదు. ఏటా తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు ఎంతటి పెద్దమనిషినైనా బూతులు తిట్టవచ్చు. పడ్డవాడు నవ్వుకుంటూ పోతాడు, వేషం కడుక్కోగానే ఆ మాటలూ కడిగినట్టే. ఫోనులో తిట్టిన తిట్టుకు వేషం లేదు, కడగడమూ లేదు. నాలుగేళ్ళ తర్వాత వెతికినా తారీఖుతో సహా దొరుకుతుంది. పైగా నా మేనల్లుడు నన్ను ఎదురుగా చూసి ఎన్నడూ అనలేని మాటను అక్కడ నిమిషంలో అన్నాడు, నేనూ అన్నాను. ఆ గ్రూపులో మేము ఒకరితో ఒకరం మాట్లాడామని ఇప్పటికీ అనుకోను. చూస్తున్న ముప్పై మంది ముందు ఎవరి పరువు వారు కాపాడుకున్నాం.

అక్క పంచాయితీ పెట్టి, ఇద్దరినీ ఈ షాపులో చందా కట్టించింది. నాకు సగం బాడుగకు దక్కిన మొదటి పుస్తకం, గాంధీతో తన సంభాషణల గురించి గోరా రాసిన చిన్న పుస్తకం. గోరా, అనగా గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. నాస్తికత్వం కారణంగా ఉద్యోగం వదులుకోవలసి వచ్చినవాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దానిని విజయవాడకు మార్చినవాడు. ఇంతవరకు నాకు అంతో ఇంతో తెలుసు. నా ఆస్తికత్వమే సరి అని గానీ మీ నాస్తికత్వం తప్పు అని గానీ చెప్పలేనని గాంధీ ఆయనతో అన్నట్టు మాత్రం తెలియదు. గోరా కుమార్తెకూ ఒక దళిత యువకుడికీ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. అది జరిగేలోపే ఆయన హత్యకు గురయ్యారు; 1948లోనే, అనుకున్నట్టు ఆశ్రమంలోనే, ఆ పెళ్ళి అయింది. రోజూ రామనామం జపించేవాడు ఒక నాస్తికుడి ఇంటి పెళ్ళికి పెద్దగా ఉండడానికి సిద్ధపడితే, నేను నా మేనల్లుడి ఆధారం ప్రశ్నకు సమాధానం చెప్పకుండా వాడి చదువును తిట్టానన్న సంగతి ఆ రాత్రి బాగానే గుచ్చుకుంది. గంట మోగితే నాకు కలిగేది నాకు తెలుసు. దానికి నాసా ముద్ర తెచ్చి అతికించవలసిన అవసరం ఏమొచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వాడి వంతుకు వచ్చింది 14వ శతాబ్దికి చెందిన మాధవుడి సర్వదర్శన సంగ్రహం, తెలుగు తాత్పర్యంతో. ఆ గ్రంథకర్త అద్వైతి. అయినా దర్శనాలను వరుసగా చెప్పబోతూ మొట్టమొదట చార్వాకుణ్ణే నిలబెట్టి, దేవుడూ లేడు, పరలోకమూ లేదు అన్న వాదాన్ని దాని మాటల్లోనే చెప్పించాడు. మన పెద్దలు ఎంత ఉదారులో చూడమని నేను కాస్త గర్వంగానే అన్నాను. "ఖండించేదానికే కదా మామా అంత బాగా చెప్పింది? చార్వాకుల సొంత పుస్తకాలు యాడుండాయి?" అన్నాడు వాడు. నిజమే, ఆ గ్రంథాలు దాదాపుగా మిగలలేదు; వాళ్ళ గురించి మనకు తెలిసినది చాలావరకు ప్రత్యర్థులు చెప్పినదే. నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం అదే పుస్తకాన్ని నిండు బాడుగకు నేను తీసుకున్నాను.

గురువారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా షాపు ముందు బెంచీ మీద జరిగే చర్చ మరొక సేవ. దీనికి రుసుము లేదు, టీ ఖర్చు ఎవరిది వారిది. సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయదర్శనం, అంటే పాత తర్కశాస్త్రం, చెప్పి రిటైరైన ఒక పెద్దాయన దీనికి పద్ధతి పెట్టారు. న్యాయసూత్రాలు వాదం, జల్పం, వితండ అని మూడింటిని వేరు చేస్తాయని, నిజం తేల్చుకోవడానికి చేసేది వాదమని, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పమని, తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటివాడిదాన్ని కూల్చడమే పనిగా పెట్టుకున్నది వితండ అని ఆయన కొత్తవారికి ఒకసారి చెబుతారు. ఆ తర్వాత నియమం ఒక్కటే, పూర్వపక్ష నియమం: ఎవరినైనా ఖండించదలచినవారు ముందుగా వారి పక్షాన్ని తాము చెప్పాలి, అవును, నేననుకునేది ఇదే, అని ఎదుటివారు తల ఊపేదాకా ఖండన మొదలుపెట్టకూడదు.

వినడానికి తేలికగా ఉన్న ఈ నియమం ఆచరణలో ఎంత కష్టమో ఒక గురువారం చూశాను. ప్రతి నెలా అలిపిరి నుంచి కొండకు కాలినడకన వెళ్ళే ఒక గృహిణి ఆ రోజు వచ్చారు. 3,550 మెట్లు ఎక్కడం దేవుడితో బేరమేనని, కోరిక తీరినందుకు చెల్లించే మూల్యమని ఒక హేతువాద మిత్రుడు ఆమె పక్షాన్ని చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపారు. తనకు మొక్కే లేదన్నారు. భయం వల్ల అన్నాడు. అదీ కాదన్నారు. మూడవసారి అతను చెప్పడం మానేసి అడిగాడు. తన తల్లి బతికి ఉండగా ఇద్దరూ కలిసి ఎక్కేవారని, ఆమె పోయాక కూడా గాలిగోపురం దాకా పక్కన ఎవరో నడుస్తున్నట్టే ఉంటుందని, అందుకే వెళతానని ఆమె చెప్పారు. అతను ఆ మాటను తిరిగి అప్పజెప్పాడు, ఆమె తల ఊపారు, అప్పటికి ఎనిమిది అయింది. ఖండన జరగనే లేదు. మరొక వారం దెబ్బ మా వైపు పడింది. పెళ్ళిలో తీర్థం పుచ్చుకోని నాస్తికుడిది అహంకారమని నేనే చెప్పాను. నమ్మకం లేకుండా చెయ్యి చాపితే అది ఇచ్చేవారిని మోసం చేసినట్టవుతుందని వెనక్కి తగ్గుతామని బెంచీ చివర కూర్చున్న నా మేనల్లుడు నన్ను సరిదిద్దాడు. ఆ ఒక్క వాక్యం ఇంట్లో చెప్పడానికి వాడికి పదేళ్ళు పట్టింది, లేదా వినడానికి నాకు పట్టింది.

ఇక లోపాలు. అవి తక్కువేమీ కావు. కుడి బీరువాలో కొత్త పుస్తకమన్నది అరుదు. చాలావాటి అట్టల మీద ధర ఇంకా ఒక అంకెలోనో రెండంకెల్లోనో ఉంటుంది. ఎడమ బీరువా అడుగు అర గురించి ముందే చెప్పాను: క్రైస్తవ, ముస్లిం పాఠకులు రావడానికి తగినన్ని పుస్తకాలు లేవు, అందువల్ల చర్చ ఎప్పుడూ హిందువుల ఇంటి తగవుగానే మిగిలిపోతుంది. బెంచీ మీద ఆరుగురు మగవాళ్ళు కూర్చున్నాక ఆడవాళ్ళకు నిలబడే చోటు కూడా ఉండదు; పైన చెప్పిన గృహిణి రెండుసార్లు వచ్చి మానుకున్నారు. పూర్వపక్ష నియమాన్ని పాత ఖాతాదారుల మీద యజమాని గట్టిగా అమలు చేయరు. ఒక పెద్దమనిషి ప్రతి గురువారం చేసేది శుద్ధ వితండ, ఆయనను ఆపేవారు లేరు. ఆయన నా పక్షం వాడేనని చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. డిపాజిట్‌కు రసీదు ఇవ్వరు, నోటు పుస్తకంలో రాసుకుంటారు. నేను తీసుకెళ్ళక ముందే చిరిగిన ఒక అట్టకు నా దగ్గర 40 రూపాయలు పట్టుకున్నారు. తీసుకునేటప్పుడే పుస్తకం తిరగేసి, చిరుగులు ఆయనకు చూపించి మరీ రాయించుకోవడం మంచిది. దుమ్ము పడనివారు చేతిరుమాలు తెచ్చుకోవాలి.

లోపల ఫోటోలు తీయనివ్వరు. ఇది లోపమని కొందరు అంటారు, నేను అనను. గోడ మీద ఒకే అట్టముక్కపై మతస్వేచ్ఛ గురించిన రాజ్యాంగం 25వ అధికరణాన్నీ, 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఏ అధికరణంలోని శాస్త్రీయ దృక్పథపు మాటనూ యజమాని చేత్తో రాసి అతికించారు. దాని కిందనే, ఫోటోలు తీయరాదు అని ఉంటుంది. కుడి బీరువాలోని ఏదో పుస్తకంలో ఒక్క పేజీని, ముందు వెనుకలు లేకుండా, ఫోనులో తీసి పంపితే సాయంత్రానికి షాపు ముందు ఎవరు నిలబడతారో తనకు తెలియదని ఆయన అన్నారు. పాత శిక్షాస్మృతిలో 1927లో చేర్చిన 295ఏ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షన్‌గా కొనసాగుతోంది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మతవిశ్వాసాలను అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు. పుస్తకాలు బాడుగకిచ్చేవాడికి దురుద్దేశం ఏముంటుందని నేను అన్నాను. "అది కోర్టులో తేలతాది సామీ, అందాకా షాపు ఎవురు తెరస్తారు?" అన్నారు. పేరు రాయవద్దన్నదీ అందుకే. అరవై ఏళ్ళుగా ఇదే ఊళ్ళో భక్తుడిగా బతుకుతున్న నాకు ఈ భయం అంటే ఏమిటో తెలియకుండానే గడిచింది. కుడి బీరువా పుస్తకాన్ని సంచిలో అడుగున పెట్టుకుని ఇంటికి నడిచిన మొదటి రోజు కొద్దిగా తెలిసింది.

షాపు ఉదయం పదకొండు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. మంగళవారం సెలవు, గరుడసేవ రోజున వీధిలో నడవడమే కష్టం గనుక ఆ రోజు కూడా వెళ్ళకండి. బండి పెట్టే చోటు లేదు. మేనల్లుడు, నేను ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం; గ్రూపులోకి మాత్రం వాడు తిరిగి రాలేదు, నేనూ రమ్మనలేదు. ఎడమ బీరువాలోని వేమన ప్రతి మూడు వారాలుగా కనిపించడం లేదు. నోటు పుస్తకంలో దాని ఎదుట పేరు రాసి లేదు. తీసుకువెళ్ళిన వారు ఇది చదివితే దయచేసి తిరిగి ఇవ్వగలరు. కుడి వైపు ప్రతి కోసం వరుసలో నాకంటే ముందు నలుగురున్నారు.